లేపేవాడి వేసవి

నేను మాట్లాడేది తక్కువ. ముప్ఫయ్యారేళ్ళ నౌకరీలో నేనన్న మాటలన్నీ కుప్ప పోసి తూర్పారబడితే మూడే మిగుల్తాయి. లే. టైమైంది. సంతకం.

రైల్వేలో నేను కాల్‌మాన్‌ని. బండి నడిపే డ్రైవర్లనీ గార్డులనీ ఇళ్ళకి వెళ్ళి లేపి డ్యూటీకి పంపడం నా పని. అప్పట్లో ఇళ్ళలో ఫోన్లు లేవు. నాకో సైకిలు, ఓ లాంతరు, చంకలో కాల్ బుక్కు. మనిషి లేచి రెండు కాళ్ళ మీద నిలబడి, పుస్తకంలో టైము వేసి సంతకం పెట్టేదాకా నేను గుమ్మం కదలకూడదు. మంచం మీద కూర్చుని సంతకం పెట్టినవాడు, నేను వీధి మలుపు తిరక్కముందే మళ్ళీ పడుకుంటాడు. లేపడానికి కూడా ఒక పద్ధతుంది. భుజం పట్టి కుదిపితే మనిషి బెదిరి లేస్తాడు. ఆ బెదురు ఇంజనుదాకా వెంట వెళ్తుంది. కాలి బొటనవేలు పట్టుకుని మెల్లగా నొక్కాలి. ఇవేవీ బడిలో చెప్పలేదు. బడిలో నేనున్నది మూడేళ్ళే.

అలాంటివాణ్ణి, కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఆ ఎండాకాలంలో, ఒక మనిషిని నిద్రపుచ్చాల్సి వచ్చింది.

ఆ మనిషి నా మనవరాలు నవ్య. నా కొడుకు భీమారావూ కోడలూ సిల్తారాలో ఫ్యాక్టరీ క్వార్టర్లో ఉంటారు. నవ్య నర్సు. ఆసుపత్రికి దగ్గరని రాయపూర్‌లో మా దగ్గరే ఉంటుంది. మాది రైల్వే కాలనీ వెనక తెలుగు లైను. ఎదురెదురుగా ఇరవై గుమ్మాలు. ఎప్పుడో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళం.

ఏప్రిల్లో ఊరికి తాళం పడింది. నవ్యకి రాత్రి డ్యూటీ వేశారు. పొద్దున్నే వచ్చి, పెరట్లో కుళాయి కింద తలస్నానం చేసి, వీధి గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఆ గదిలోకి మేం అడుగు పెట్టకూడదు. అన్నం పళ్ళెం కిటికీ గట్టు మీద పెడితే తీసుకునేది. సాయంత్రందాకా పడుకునేది. మొదటి వారం దాటాక పడుకునేదేగాని నిద్రపోయేది కాదు.

నిద్ర నటించేవాళ్ళని నేను చాలామందిని చూశాను. డ్యూటీ తప్పించుకోడానికి డ్రైవర్లు ముసుగు తన్ని గురక కూడా పెట్టేవారు. నటించేవాడి ఊపిరి గడియారంలా సమంగా నడుస్తుంది. నిజంగా నిద్రపోయేవాడి ఊపిరి నడుమ నడుమ తడబడుతుంది. నవ్య ఊపిరి తొమ్మిది రోజులపాటు గడియారంలాగే నడిచింది. మేం బెంగపడకూడదని పిల్ల నటిస్తోంది.

మా ఆవిడ దాలమ్మకి నా వాటా మాటలు కూడా దేవుడు ఇచ్చేశాడు. ఆవిడ పాలల్లో జాజికాయ అరగదీసి ఇచ్చింది. గసగసాలు నూరి కూర వండింది. తలకి నూనె పెట్టడానికి లోపలికి వెళ్ళకూడదు గనక కిటికీ బయట నిలబడి, ఎక్కడ ఎంత రుద్దుకోవాలో లైనంతా వినబడేటట్టు చెప్పింది. నిద్రపోయే పిల్లైనా లేచి కూర్చునేటట్టు చెప్పింది. ఆఖరికి దిష్టి తీసి, ఆ కిటికీ కిందే కుంపట్లో ఎండుమిరపకాయలు వేసింది. పొగ గదిలోకి వెళ్ళింది. నవ్యకి దగ్గు అందుకుంది. కరోనా రోజుల్లో నర్సు దగ్గితే ఏమవుతుంది? ఇరవై గుమ్మాలూ టపటపా మూసుకున్నాయి.

దిష్టి తగిలితే మిరపకాయ ఘాటు రాదని మావాళ్ళ నమ్మకం. "ఘాటొచ్చీసింది. అయితే దిష్టి కాదు," అని దాలమ్మ తేల్చి, కుంపటి మీద నీళ్ళు పోసింది.

ఆ మర్నాడు గ్రేస్ సిస్టర్ స్కూటీ మీద వచ్చి గేటు అవతలే ఆగింది. నవ్య పనిచేసే వార్డుకి ఆవిడ పెద్ద. గుంటూరు వైపు మనిషి. హెల్మెట్టు తియ్యకుండానే సంగతి చెప్పింది. నవ్య ముందురోజు ఒక ఇంజెక్షను అందుకోబోయి పక్కన ఉన్న ఇంకోటి అందుకుంది. గ్రేస్ సిస్టరే దాని చెయ్యి పట్టుకుని ఆపింది గనక సరిపోయింది. ఆసుపత్రిలో మనసు డాక్టరుకి చూపించారట, మాత్రలు కూడా ఇచ్చారట. కళ్ళు మూతపడుతున్నాయిగాని నిద్ర రావడం లేదని నవ్యే ఒప్పుకుందట.

"సోమవారందాకా చూస్తాను తాతగారూ. అప్పటికీ నిద్రపోకపోతే వార్డులోంచి తీసి ఆఫీసులో కూర్చోబెడతాను. రోగుల కోసం, దాని కోసం కూడా," అంది. ఆవిడ తప్పేమీ లేదు. నిద్రలేని డ్రైవరు చేతికి ఇంజను నేనైనా ఇవ్వను.

లోపల నవ్య అంతా వింది. ఆ పూట అన్నం పళ్ళెం గట్టు మీదే ఉండిపోయింది. ఆ వార్డులో పద్దెనిమిది మంచాలు. ఏ మంచం మీద ఎవరున్నారో, ఎవరికి పప్పు సయించదో, ఎవరి కొడుకు ఏ ఊళ్ళో ఉన్నాడో దానికి కంఠతా. వాళ్ళని నడుమ వదిలేసి కుర్చీలో కూర్చోమంటే అది తట్టుకోలేదు. ఆరోజు గురువారం.

మధ్యాహ్నం కిటికీ ఊచల్లోంచి చూశాను. కళ్ళు మూసుకుని పడుకుంది. కుడి గుప్పిట్లో ఫోను. అది వెలిగినప్పుడల్లా రెప్పలు అదురుతున్నాయి. ఫోను అలా పట్టుకుని పడుకోవడం ఎందుకని అడిగాను. నేను అడగడమే వింత గనక లేచి కూర్చుని చెప్పింది.

మొదటి వారంలో నాలుగో మంచం మీద ఒక పెద్దామె ఉండేది. ఆవిడ కొడుక్కి నవ్య తన నంబరు ఇచ్చింది. ఒక మధ్యాహ్నం ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. లేచి చూస్తే పదకొండు కాల్స్. ఆ కొడుకు తల్లికి తన గొంతు వినిపించమని అడగడానికి చేశాడు. నవ్య డ్యూటీకి వెళ్ళేసరికి నాలుగో మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

"ఒక్కటి ఎత్తినా చాలు తాతా. వార్డుకి చెప్పి ఆమె చెవి దగ్గర ఫోను పెట్టించేదాన్ని," అంది.

లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తీశాను. రిటైరైన రోజున మిగిలిన కాల్ బుక్కు ఒకటి అడుగున ఉంది. సగం ఖాళీ కాయితాలే. అది పట్టుకుని, కుర్చీ లాక్కుని కిటికీ పక్కన కూర్చున్నాను. జీవితంలో అంత పొడుగు కథ నేను ఎవరికీ చెప్పలేదు.

ప్రేమ్‌చంద్ అని గూడ్సు డ్రైవరు ఉండేవాడు. ఒకసారి అతని ఇంజను కింద ఒక మనిషి పడ్డాడు. అతని తప్పు లేదు. కానీ అప్పట్నించీ ఇంటి దగ్గర బూట్లు విప్పేవాడు కాదు. బూట్లతోనే పడుకునేవాడు. పిలుపొస్తే గబుక్కున లేవాలి గదా అనేవాడు. పెళ్ళాం ఏడ్చేది. ఒకరోజు నేను లేపడానికి కాకుండా ఊరికే వెళ్ళి అతని గుమ్మంలో కూర్చున్నాను.

"బూట్లిప్పీ, నాను కూకుంతాను అన్నాను. పిలుపొస్తే మొదట నాకే గదా వస్తాది. ఇప్పీసినాడు. తొంగున్నాడు."

నవ్య నన్నే చూస్తోంది. "నాకు బూట్లు లేవు కదా తాతా."

"ఫోనుంది."

"నువ్వు ఎత్తి ఏం మాట్లాడతావు? ఇంట్లోనే వారానికోసారి మాట్లాడతావు."

"ముప్పయ్యారేళ్ళల్లో ఒక్క పిలుపూ తప్పనేదు నాను," అన్నాను.

పుస్తకం గట్టు మీద పెట్టాను. రైల్వే రూలు చెప్పాను. రెస్టు పూర్తికాని మనిషిని ఎంతటివాడు చెప్పినా లేపకూడదు. టైమైనాక లేపకుండా ఉండకూడదు. రెండూ నా పూచీయే. ఎన్ని గంటలకి లేపాలో వేసి సంతకం పెట్టమన్నాను. నవ్య పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో తెలియలేదు. 17.30 అని వేసి సంతకం పెట్టింది. తర్వాత ఫోనుని సానిటైజరుతో తుడిచి, ప్లాస్టిక్ సంచిలో వేసి, గట్టు మీదకి తోసింది. చివర ఏడూ ఒకటీ ఉంటే వార్డు నంబరని, అది మోగితే మాత్రం లేపమని చెప్పింది. నాకు హిందీ చదవడం రాదుగాని అంకెలు వస్తాయి.

ఆ గంటలో ఫోను నాలుగుసార్లు మోగింది. మొదటిది హరీష్ అనే అతను. పండరీ బజారులో బట్టల కొట్టు. వాళ్ళమ్మ పదకొండో మంచం. గబగబా ఏదో అడిగాడు. సిస్టర్ నిద్రపోతోందని నాకొచ్చిన హిందీలో, "సిస్టర్ సో రహీ హై" అన్నాను. తిడతాడనుకున్నాను. పడుకోనివ్వండి బాబా, ఎవరో ఒకరు ఎత్తారు, అది చాలు అన్నాడు. తక్కినవాళ్ళూ దాదాపు అంతే. నేను పేరూ మంచం నంబరూ పుస్తకంలో గీసి, డ్యూటీకి వెళ్ళగానే చెప్తుందన్నాను. ఫోను చేసేవాడికి జవాబు కన్నా ముందు ఎత్తే మనిషి కావాలని నాకు డెబ్భైనాలుగో ఏట తెలిసింది.

ఆరోజు నవ్య నిద్రపోలేదు. గుప్పిట మాత్రం విప్పుకుంది.

శుక్రవారం దాలమ్మకి ఇంకో పాత సంగతి గుర్తొచ్చింది. మా రోజుల్లో రాత్రి బండి దిగి వచ్చిన డ్రైవరు పగలు పడుకుంటే, ఇల్లాలు తలుపు గడియకి ఎర్రగుడ్డ కట్టేది. అది చూస్తే కూరలవాడు కేక వెయ్యడు, పిల్లలు ఆ గుమ్మం ముందు ఆడరు. దాలమ్మ తన పాత ఎర్రచీర చింపి నవ్య గదికి కట్టింది. కట్టి, లైనుకంతా తానే కాపలా అయింది. లౌడుస్పీకరుతో వచ్చే కూరల బండి నోరు మూయించింది. కుక్కరు కూత రాకముందే పొయ్యి ఆపమని ఇల్లిల్లూ తిరిగింది. ఎదురింటివాళ్ళు నీళ్ళ దగ్గర తగువు పడితే వెళ్ళి ఎర్రగుడ్డ చూపించింది. వాళ్ళు తగువు మానలేదు. గుసగుసగా తిట్టుకున్నారు. అంత మర్యాదైన తగువు నేనెప్పుడూ చూడలేదు. చేతులు మాత్రం బ్రహ్మాండంగా తిప్పుకున్నారు.

అన్నిటికన్నా వింత, దాలమ్మ స్వయంగా గొంతు తగ్గించింది. యాభయ్యేళ్ళ కాపురంలో ఆవిడ గుసగుస నేను వినడం అదే మొదలు. బాగుంది.

ఆదివారం మధ్యాహ్నం. గాడ్పు కొడుతోంది. నేను కుర్చీలో కూర్చుని కూలరు చప్పుడు వెనక ఊపిరి వింటున్నాను. ఒకటి, ఇంకొకటి. తర్వాతది రావాల్సిన చోట రాలేదు. కాస్త ఆగి, తడబడుతూ వచ్చింది. ఆ తర్వాతది నిదానంగా వచ్చింది. నేను ఊచల్లోంచి చూడలేదు. చూడక్కర్లేదు.

గంట కూడా కాలేదు. ఫోను వెలిగింది. చివర ఏడు, ఒకటి.

లేవమని కాళ్ళు, కూర్చోమని చెవులు చెప్తున్నాయి. ఎత్తాను. గ్రేస్ సిస్టర్.

"లేపమంతారా?" అని అడిగాను.

అవతల ఆవిడ గొంతు తగ్గించింది. "అంటే నిద్రపోయిందా?"

"ఊఁ."

"నిజంగానేనా?"

"ఊపిరి తప్పుతోందండి," అన్నాను. నర్సుతో ఆ మాట అనకూడదు. ఆవిడ గాభరాపడి ఏం జరిగిందని అడిగింది. డ్రైవర్ల గురకలూ గడియారాలూ అన్నీ విప్పి చెప్పాల్సి వచ్చింది. చెప్పాక ఆవిడ చాలాసేపు నవ్వింది. ఈ సంగతి కనుక్కుందామనే చేశానని, ఇప్పుడు లేపితే స్కూటీ వేసుకొచ్చి మరీ తంతానని చెప్పి పెట్టేసింది.

అయిదున్నరకి లేపాలి. లోపలికి వెళ్ళకూడదు. దాలమ్మ దుమ్ము దులిపే వెదురు కర్ర చివర గుడ్డ చుట్టి, ఊచల్లోంచి దూర్చి, బొటనవేలి మీద మెల్లగా నొక్కాను. నవ్య కళ్ళు తెరిచి పైకప్పుని చూసింది. తర్వాత వేలి మీద ఉన్న కర్రని చూసింది. పకపకా నవ్వింది. "నిలబడి," అన్నాను. లేచి నిలబడి సంతకం పెట్టింది. ఆఫీసు కుర్చీ మాట గ్రేస్ సిస్టర్ మళ్ళీ ఎత్తలేదు.

నవ్య చెప్పిన ఆ కర్ర సంగతి ఆవిడ నోట్లో దాగలేదు. నాలుగు రోజుల్లో మా లైను చివర ఇంట్లో ఉండే రేచల్ వచ్చింది. అదీ నర్సే. దూరంగా నిలబడి, తాతా నన్ను కూడా రాసుకో అంది. తర్వాత అంబులెన్సు నడిపే సందీప్. తర్వాత ల్యాబులో పనిచేసే ఇద్దరు, వార్డుబాయిలు ఇద్దరు. మే నెల మొదటికి పుస్తకంలో ఏడు పేర్లు, లైనులో ఏడు ఎర్రగుడ్డలు. పోర్టరు భుజాన సంచుల్లా నా కుర్చీ చుట్టూ ఫోన్ల ప్లాస్టిక్ సంచులు వేలాడేవి. సాయంత్రం అయ్యేసరికి కర్ర, పుస్తకం పట్టుకుని కిటికీ కిటికీకీ వెళ్ళేవాణ్ణి. సందీప్ కితకితలు తాళలేక మొదటి రోజు మంచం మీంచి కింద పడ్డాడు. మళ్ళీ ఉద్యోగం వచ్చినట్టుంది నాకు. మీసం దువ్వుకోవడం కూడా మొదలుపెట్టానని దాలమ్మ లైనంతా చెప్పుకొచ్చింది. గుసగుసగానే.

ఒక మధ్యాహ్నం గేటు దగ్గర స్కూటరు ఆగింది. దిగినతను నన్ను చూసి, "బాబా?" అన్నాడు. గొంతు గుర్తుపట్టాను. పండరీ హరీష్. వాళ్ళమ్మ ముందురోజు ఇంటికి వచ్చిందట. సిస్టర్‌ని చూడాలని వచ్చాడు. నిద్రపోతోందని చెప్పి, తలుపు గడియకున్న ఎర్రగుడ్డ చూపించాను. దాలమ్మ చీర పీలికలు అప్పటికే వెలిసిపోయాయి. అతను కాసేపు చూసి, తలాడించి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. స్కూటరు లైను చివరిదాకా తోసుకుంటూ వెళ్ళి, మలుపు తిరిగాక స్టార్టు చేశాడు. మూడోరోజున ఒక మూట పంపించాడు. ఎర్ర బట్ట, ఇరవై గుమ్మాలకీ సరిపోయేంత.

ఆ రోజుల్లోనే దాలమ్మ నన్ను నిలదీసింది. పగలంతా కుర్చీలో కూర్చుంటున్నాను. రాత్రి నవ్య డ్యూటీలో ఉంటే, ఎలాగుందోనని మేలుకుంటున్నాను.

"ఏడుగుర్ని తొంగోబెడతన్నావు. నీకు లేదేటి రెస్టు రూలు?"

డ్యూటీ అన్నాను. కాల్‌మాన్‌కి రెస్టు రూలు ఉందో లేదో నిజంగా నాకు గుర్తులేదు.

మే నెలాఖరున కరెంటు పోయింది. కూలరు ఆగింది. లైను మొత్తం మీద చీమ చిటుక్కుమనడం లేదు. నేను కుర్చీలో కూర్చుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుందామనుకున్నాను.

తర్వాతది దాలమ్మ చెప్పగా విన్నదే. అయిదున్నరకి పదినిమిషాల ముందు నవ్య తనంతట తానే లేచింది. ఎవరూ నొక్కకుండానే. బయటికి వస్తే నేను నోరు తెరుచుకుని నిద్రపోతున్నాను, దాని ఫోను నా గుప్పిట్లో ఉంది. దాలమ్మ నన్ను లేపబోయింది. నవ్య వద్దని వేలు చూపించింది. ఒళ్ళోంచి పుస్తకం తీసుకుంది. కర్ర తీసుకుంది. రేచల్ దగ్గర మొదలుపెట్టి ఆరు కిటికీలూ తిరిగి ఆరుగురినీ బొటనవేలు నొక్కి లేపి, నిలబెట్టి సంతకాలు పెట్టించింది. ఒక్కరికీ ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. వచ్చి తన గడియకి ఉన్న ఎర్రగుడ్డ విప్పి నా కుర్చీ చేతికి కట్టింది. ఫోను గుప్పిట్లోంచి లాగితే మెలకువ వస్తుందని, అది లేకుండానే డ్యూటీకి వెళ్ళింది. రాత్రంతా.

నాకు మెలకువ వచ్చేసరికి ఎవరో బొటనవేలు నొక్కుతున్నారు. పొద్దెక్కింది. నేను కుర్చీలోనే ఉన్నాను. ఒంటి మీద దుప్పటి కప్పి ఉంది. కర్ర అవతలి కొసన నవ్య, స్నానం చెయ్యకుండా, డ్యూటీ బట్టల్లోనే.

"లే," అంది.

ఏడు పేర్లు కళ్ళముందు తిరిగాయి. నా మొహం చూసి అది చెయ్యి ఊపింది. అందరూ వెళ్ళారు తాతా, అందరూ వచ్చేశారు కూడా అంది.

"టైమైంది. సంతకం."

పుస్తకం నా ఒళ్ళో తెరిచి ఉంది. ఏడు పేర్ల కింద గుండ్రటి తెలుగక్షరాలతో ఎనిమిదోది రాసి ఉంది. సత్తిరాజు, కాల్‌మాన్. రెస్టు. ఎవరూ లేపరాదు. కలం అందుకుని సంతకం పెట్టబోయాను.

"నిలబడి," అంది నవ్య.

మోకాళ్ళు పట్టుకుని లేచాను. రెండు కాళ్ళ మీద నిలబడి, పుస్తకం గోడకి ఆనించి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాను. ముప్ఫయ్యారేళ్ళు వేలమందిచేత పెట్టించిన పుస్తకంలో నా పేరు పడడం అదే మొదటిసారి. ఎదురింటి గుమ్మంలోంచి ఎవరో చప్పట్లు కొట్టబోయారు. దాలమ్మ వాళ్ళకి ఎర్రగుడ్డ చూపించింది.

నవ్య కుళాయి కింద స్నానం చేసి వచ్చింది. నా కుర్చీకి ఉన్న గుడ్డ విప్పుకుని తన గడియకి కట్టుకుంది. ఫోను అడిగి తీసుకుని ఒక్కసారి చూసింది. తుడిచి, సంచిలో వేసి, మళ్ళీ గట్టు మీద పెట్టేసింది. ఈసారి ఏ నంబరు మోగితే లేపాలో చెప్పలేదు.

నేను కుర్చీ సర్దుకుని కూర్చునేలోపే లోపల ఊపిరి తడబడింది.